ఎయిడ్సు టీకా: మన రక్తములోని కావలివారు

(ప్రపంచ ఎయిడ్సు దినమున దామంజోడి తెలుగువారి సమావేశములో చేసిన ప్రసంగ పాఠము)



నేను వైద్యుడను గాను. మెట్రిక్యులేషనుతో చదువు ముగించి, ఇరువది ఏండ్లకు పైగా ఈ ఊరిలో కిరాణా వర్తకము చేసికొనుచున్నవాడను. అట్టివాడు ఇట్టి విషయముపై మాటలాడుట సాహసమని కొందరికి తోచవచ్చును. కాని వర్తకుని అంగడికి అందరును వచ్చుదురు. గనిలో పనిచేయువారు, కర్మాగారపు ఉద్యోగులు, విజయనగరము, సాలూరు, పార్వతీపురముల నుండి వచ్చు లారీలవారు, సంతకు దిగివచ్చు కొండవారు, అందరి మాటలును మా చెవిని బడును. కొంతకాలముగా నా చెవిని పడుచున్న ఒక ప్రశ్నయే నన్నిక్కడ నిలువబెట్టినది.

ఆ ప్రశ్న యిది. కరోనా వైరసు స్వరూపము 2020 జనవరిలో లోకమునకు తెలిసినది. ఆ సంవత్సరము డిసెంబరునకే విదేశములలో టీకా వేయసాగిరి. 2021 జనవరి 16వ తేదీన మన దేశములోను ప్రారంభించిరి. మరి ఎయిడ్సునకు కారణమగు హెచ్.ఐ.వి. 1983లోనే కనుగొనబడినది. నలుబది ఏండ్లు దాటినను దానికి టీకా ఏల రాలేదు? మందుల కంపెనీలు దాచిపెట్టినవని కొందరనుచున్నారు. మరికొందరు ఇంకను ముందునకు పోయి, ‘ఆ టీకా మా యొద్ద నున్నది’ అని చెప్పి అమాయకులకు అమ్ముచున్నారు. మొదటి మాట అపోహ. రెండవది మోసము. ఈ రెంటిని పోగొట్టుటకు నిజమగు కారణమును తెలిసికొనుటకంటె మంచి మార్గము లేదు. నేను చదివి, వైద్యులనడిగి గ్రహించిన దానిని వర్తకుని మాటలలో మీకు విన్నవించెదను.

మన రక్తములో ఎఱ్ఱ కణములు, తెల్ల కణములు ఉండునని పాఠశాలలో చదివినదే. తెల్ల కణములు శరీరమునకు కావలివారు. వానిలో మూడు తెగలను మాత్రము మనము గుర్తుంచుకొన్న చాలును.

మొదటివి బి కణములు. ఇవి ప్రతిరక్షకములను పదార్థములను తయారుచేయును. వైరసు కణములలోనికి దూరకముందు, బయట తిరుగుచున్నప్పుడు, ఈ ప్రతిరక్షకములు దానిని అంటిపట్టుకొని ప్రవేశింపకుండ చేయును.

రెండవవి సి.డి.8 అనబడు టి కణములు. వైరసు ఇంటిలోనికి దూరిన తరువాత పని వీనిది. లోపల దొంగ ఉన్నాడని బయట నుండి ఎట్లు తెలియును? దానికి ప్రకృతి ఒక చక్కని ఏర్పాటు చేసినది. మేము బస్తాలోని బియ్యము మచ్చును పళ్లెములో పోసి అంగడి ముందు పెట్టుదుము గదా! అట్లే మన శరీరములోని దాదాపు ప్రతి కణమును తన లోపల తయారగుచున్న మాంసకృత్తుల తునకలను చిన్న పళ్లెములవంటి అణువులపై నుంచి గోడ బయట ప్రదర్శించును. సి.డి.8 కణము తిరుగుచు మచ్చు చూచును. మచ్చులో కల్తీ, అనగా వైరసు తునక, కనబడెనా, ఆ కణమునే సంహరించును. ఇల్లు పోయినను ఊరు మిగులును.

మూడవవి సి.డి.4 టి కణములు. ఇవి స్వయముగా యుద్ధము చేయుటకంటె ఇతరులచేత చేయించుట ఎక్కువ. బి కణములకు మంచి ప్రతిరక్షకములు చేయ నేర్పునవి యివే. సి.డి.8 కణములకు బలము, జ్ఞాపకము నిచ్చునవి యివే. వీనిని సేనాధిపతులనవచ్చును.

ఒకసారి శత్రువును చూచిన కణములలో కొన్ని జ్ఞాపకముతో చిరకాలము నిలిచియుండును. టీకా యొక్క రహస్యమంతయు ఇదియే. దొంగ రాకముందే వాని బొమ్మను కావలివారికి చూపుట. ఈ ఉపాయముచేతనే మశూచిని లోకము నుండి పాఱద్రోలిరి. 1975 తరువాత మన దేశములో ఆ వ్యాధి లేదు. 1980లో లోకమంతట లేదని ప్రకటించిరి.

ఇప్పుడు హెచ్.ఐ.వి. చేయు పని చూడుడు. ఇతర వైరసులు ఊపిరితిత్తులనో కాలేయమునో పట్టుకొనును. ఇది నేరుగా సేనాధిపతిని, సి.డి.4 కణమును, పట్టుకొనును. దొంగ మొట్టమొదట పోలీసు ఠాణానే దోచుకొన్నట్లు! ఆరోగ్యవంతునిలో రక్తపు ఒక ఘన మిల్లీమీటరునకు 500 నుండి 1500 వరకు సి.డి.4 కణములుండును. చికిత్స లేనిచో ఏండ్ల తరబడి ఇవి తగ్గుచు వచ్చి, 200కు దిగువకు దిగినప్పుడు క్షయ మొదలగు వ్యాధులు తలుపు తోసికొని లోనికి వచ్చును. ఆ దశకే ఎయిడ్సని పేరు.

అయినను శరీరము ఊరకుండదు. వైరసు ప్రవేశించిన మొదటి కొన్ని వారములలో రక్తములో దాని సంఖ్య మిల్లీలీటరునకు లక్షలలోనికి పెరుగును. తరువాత, ఏ మందును లేకుండగనే, అది చాలవరకు తగ్గును. ఎవరు తగ్గించిరి? సి.డి.8 కణములు రంగములోనికి దిగిన సమయమును, వైరసు తగ్గిన సమయమును ఒక్కటేయని 1994లో శాస్త్రజ్ఞులు చూపిరి. 1999లో కోతులపై మరింత స్పష్టమైన పరీక్ష చేసిరి. హెచ్.ఐ.వి. జాతికి చెందిన వైరసు సోకిన కోతులలో సి.డి.8 కణములను తాత్కాలికముగా తొలగింపగా వైరసు విజృంభించినది. ఆ కణములు తిరిగి రాగా అది మరల అణగినది. ఇంతకంటె తిరుగులేని సాక్ష్యము వేరొకటి కావలయునా?

మరి ఈ కణములు దానిని పూర్తిగా ఏల నిర్మూలింపలేకపోవుచున్నవి? రెండు కారణములు ముఖ్యములు.

మొదటిది దాని వేషములు. చికిత్స లేని రోగిలో దినమునకు సుమారు వెయ్యి కోట్ల క్రొత్త వైరసులు పుట్టునని 1996లో లెక్కగట్టిరి. ఈ వైరసు తన ప్రతిని వ్రాసికొనునప్పుడు తప్పులు తరచుగా చేయును. మా గుమాస్తా అట్లు చిట్టా వ్రాసినచో ఒక్క దినములో దివాలా తీయుదుము. కాని వైరసునకు ఆ తప్పులే లాభము. ఒక తప్పుచేత దాని తునక రూపు మారును. సి.డి.8 కణము పళ్లెములో పాత మచ్చుకొరకు వెదకుచుండగా, క్రొత్త వేషము వేసికొన్నది తప్పించుకొని పిల్లలను పెట్టును. ప్రతిరక్షకముల సంగతియు నిట్లే. వైరసు పైనున్న ముల్లులవంటి మాంసకృత్తులను చక్కెర అణువులు కవచమువలె కప్పియుండును. ఆ కవచములోని సందులను చూచి అనేక వేషములను పట్టగల గొప్ప ప్రతిరక్షకములు కొందరు రోగులలో పుట్టును గాని, అవి పుట్టుటకు రెండు మూడేండ్లు పట్టును. దొంగలు పడిన ఆరు నెలలకు కుక్కలు మొరిగినట్లు, అప్పటికి వైరసు ఇల్లంతయు ఆక్రమించియుండును.

రెండవ కారణము దాని దాగుడు. కొన్ని సి.డి.4 కణములలో ఈ వైరసు తన వంశసూత్రమును ఆ కణము యొక్క సూత్రములోనే కలిపి కుట్టివేసి, కదలక మెదలక పడియుండును. ఏమియు తయారుచేయదు గనుక మచ్చు కనబడదు. మచ్చు లేనిచో కావలివాడేమి చేయును? ఇంటిదొంగను ఈశ్వరుడైనను పట్టలేడని మనవారన్నది దీనిని గూర్చియే కాబోలు! 1997లో ఈ రహస్య స్థావరములు రుజువైనవి. మందులు వాడి రక్తములో వైరసు కనబడనివారు సైతము మందు మానిన కొన్ని వారములలో అది తిరిగి లేచుటకు కారణమిదియే. ఈ మాటను దయచేసి గుర్తుంచుకొనుడు. దీనితో మరల పని యున్నది.

కరోనా వచ్చినవారిలో అధిక సంఖ్యాకులు తమంతట తామే కోలుకొనిరి. శరీరము గెలుచు దారి ముందే యున్నది. టీకా ఆ దారిని చూపినది. హెచ్.ఐ.వి. విషయములో శరీరము తనంతట తాను గెలిచిన ఉదాహరణలు అత్యల్పము. ప్రకృతి వేయని దారిని మనుష్యుడు వేయవలసియున్నది. ఆలస్యమునకు మూలమిదియే. ఎవరును దాచిపెట్టలేదు.

దాచలేదనుటకు ప్రయత్నముల చరిత్రయే సాక్షి. 1984లో అమెరికా ఆరోగ్య మంత్రిణి మార్గరెట్ హెక్లర్ సుమారు రెండేండ్లలో టీకాను పరీక్షింపగలమని ఆశపడిరి. మొదట శాస్త్రజ్ఞులు ప్రతిరక్షకములను నమ్ముకొనిరి. వైరసు ముల్లులోని భాగముతో చేసిన టీకా 2003లో విఫలమని తేలినది. పిదప సి.డి.8 కణములను నమ్ముకొనిరి. మెర్కు కంపెనీవారి టీకా ఆ కణములను మేల్కొలిపినది గాని, రక్షణ నీయలేదు. 2007 సెప్టెంబరులో ఆ పరీక్షను ఆపివేసిరి. అంతేకాదు, కొందరిలో వ్యాధి సోకుట మరికొంత ఎక్కువయినట్లును కనబడినది. 2009లో థాయిలాండు నుండి ఒక ఆశాకిరణము వచ్చినది. 16 వేలకు పైగా జనులపై, రెండు టీకాలను కలిపి వాడగా, సుమారు నూటికి 31 వంతుల రక్షణ కనబడినది. అది చాలునా? చాలదు. కాని అసాధ్యము కాదని తెలిపినది. ఆ మార్గముననే దక్షిణాఫ్రికాలో చేసిన పరీక్షను ఫలితము లేక 2020 ఫిబ్రవరిలో నిలిపిరి. మరి రెండు పెద్ద పరీక్షలు 2021లోను, 2023లోను అట్లే ముగిసినవి.

మన దేశము చేతులు ముడుచుకొని కూర్చుండలేదు. 2005లో పూనాలోను, 2006లో చెన్నపట్టణపు క్షయవ్యాధి పరిశోధనా కేంద్రములోను ఆరోగ్యవంతులగు స్వచ్ఛంద సేవకులపై తొలి పరీక్షలు జరిగినవి. మన దేశములో ఎక్కువగా నున్నది ‘సి’ తెగ వైరసు గనుక, ఆ తెగనుద్దేశించియే ఆ టీకాలు రూపొందింపబడినవి. టీకా మందును తమ శరీరముపై పరీక్షింపనిచ్చిన ఆ అజ్ఞాత సోదరులకు మనమందరమును ఋణపడియున్నాము.

తెలుగు పేరుగల ఒక పరిశోధకుని ప్రస్తావించుట మనకు సంతోషకరము. అమెరికాలోని ఎమరీ విశ్వవిద్యాలయమున రామారావు అమరాగారు 2001లో సహచరులతో కలిసి ఒక ముఖ్యమైన ఫలితము ప్రకటించిరి. కోతులకు మొదట వైరసు జన్యువులతో చేసిన టీకాను, పిదప మశూచి టీకాకు బంధువగు బలహీన వైరసుతో చేసిన టీకాను ఇచ్చిరి. ఏడు నెలల తరువాత ప్రమాదకరమైన వైరసు నెక్కింపగా, వ్యాధి సోకినను టీకా పొందిన కోతులు దానిని అదుపులో నుంచుకొన్నవి. టీకా లేనివి ఎయిడ్సు పాలైనవి. టి కణముల శక్తికి అది మంచి నిదర్శనము. కాని కోతిలో గెలిచినది మనుష్యునిలో గెలుచునని నియమము లేదు. 2009లో ఆయనయు, సహచరులును మరియొకటి చూపిరి. దీర్ఘకాల యుద్ధములో సి.డి.8 కణములు అలసిపోవును. వాని పైనుండు పి.డి.1 అను కళ్లెమును వదలించినచో కోతులలో అవి మరల చురుకుగా పనిచేసినవి.

ఇన్ని ఓటములనుండి శాస్త్రజ్ఞులు నేర్చినదేమి? మూడు పాఠములు నాకు ముఖ్యముగా తోచుచున్నవి.

మొదటి పాఠము, సైన్యపు సంఖ్యకంటె గురి ముఖ్యమనునది. రోగులలో నూటికి ఒకరికంటె తక్కువమంది మందు లేకుండగనే వైరసును అణచియుంచగలరు. వారిలో అనేకుల కణములపైనుండు మచ్చు పళ్లెములు ఒక విశేష జాతివి. బి-57, బి-27 అని వానికి పేరులు. ఆ పళ్లెములు వైరసులోని మార్చరాని భాగములను ప్రదర్శించును. ఆ భాగమును మార్చుకొన్నచో వైరసు తానే బలహీనపడును. కావున క్రొత్త టీకాలు సి.డి.8 కణములకు ఆ మార్చరాని భాగములనే చూపవలెనని యత్నించుచున్నవి.

రెండవ పాఠము, గొప్ప ప్రతిరక్షకములు ఒక్క మోతాదుతో రావనునది. బాలునికి ఓనమాలు దిద్దించకయే కావ్యము చదివింపలేము గదా! గొప్ప ప్రతిరక్షకము చేయగల బి కణములు మన శరీరములో బహు అరుదు. మొదట వానిని మేల్కొలిపి, పిదప తరగతి తరువాత తరగతి నేర్పవలెను. 2022లో ప్రకటితమైన ఒక మనుష్య పరీక్షలో, ఆ మొదటి తరగతి టీకా పొందిన 36 మందిలో 35 మందికి అట్టి కణములు మేల్కొన్నవి. ఓనమాలు వచ్చినవి. కావ్యము ఇంకను దూరము.

మూడవ పాఠము, బయట పట్టు ప్రతిరక్షకములు, లోపల పట్టు సి.డి.8 కణములు, రెండును కలిసి పనిచేయవలెననునది. వీథి ద్వారమునకు తాళమును, లోపల కావలివాడును, రెండును ఉన్న గోదామే భద్రము.

సోదరులారా! టీకా రాలేదు. కాని మనము నిరాయుధులము కాము. 2004 ఏప్రిల్ 1 నుండి మన ప్రభుత్వము హెచ్.ఐ.వి. మందులను ఉచితముగా ఇచ్చుచున్నది. దినము తప్పక వాడి, రక్తములో వైరసు కనబడని స్థితికి వచ్చి నిలిచినవారినుండి సంపర్కముచేత ఇతరులకు ఈ వ్యాధి సోకదని నిర్ధారణమైనది. గర్భిణికి తగిన చికిత్స చేసినచో బిడ్డకు సోకు అపాయము మిక్కిలి తగ్గును. అనుమానపు సంఘటన జరిగిన 72 గంటలలోపల మందు మొదలిడినను రక్షణ కలదు. 2024లో లెనకపవిర్ అను సూదిమందు ఆఫ్రికాలో పరీక్షింపబడినది. ఆరు నెలలకొకసారి దానిని పొందిన 2,134 మంది స్త్రీలలో ఒక్కరికైనను వ్యాధి సోకలేదు. అది టీకా కాదు. కావలివారికి ఏమియు నేర్పదు. తానే కొంతకాలము కావలి కాయును. దానిని 2027 నుండి అనేక పేద దేశములకు సంవత్సరమునకు సుమారు 40 డాలర్లకే అందింతుమని 2025 సెప్టెంబరులో ప్రకటించిన కంపెనీలు డాక్టర్ రెడ్డీస్, హెటెరో. రెండును హైదరాబాదువే.

ఇక మన ఊరి మాట. 2023 లెక్కల ప్రకారము దేశములో హెచ్.ఐ.వి.తో జీవించువారు 25 లక్షలకు పైబడియున్నారు. పెద్దవారిలో దేశపు సగటు నూటికి 0.20 కాగా, ఆంధ్రప్రదేశములో 0.62. మన బంధువులు, మన లారీలు, మన పెండ్లిండ్లు అన్నియు ఆ ప్రక్కతో ముడిపడియున్నవి. కావున ఇది పరుల సమస్య యని చెప్పుటకు వీలులేదు.

నా అంగడిలో ఖాతాగల ఒక లారీ చోదకుని కథ అతని అనుమతితోనే చెప్పుచున్నాను. పేరు చెప్పను. చెప్పరాదు. అతడు మూడేండ్లు మందులు క్రమముగా వాడి ఆరోగ్యముగా నుండెను. అతని సి.డి.4 లెక్క 500 దాటినది. ఒకడు ‘ఇది ఎయిడ్సు టీకా, మూడు సూదులు చాలును, ఇక మాత్రలక్కరలేదు’ అని చెప్పి పండ్రెండు వేల రూపాయలు గుంజుకొనెను. ఇతడు మాత్రలు మానెను. నేనింతకుముందు చెప్పిన రహస్య స్థావరములను తలచుకొనుడు. ఇంటిదొంగ లేచినాడు. సంవత్సరము గడచునప్పటికి లెక్క 120కి దిగి, క్షయ పట్టుకొన్నది. ఆ సమయములో ఇంటి యజమాని గది ఖాళీ చేయుమనెను. దైవకృపవలన, వైద్యుల శ్రమవలన అతడు మరల మందులు మొదలిడి కోలుకొని బండి నడుపుచున్నాడు. కాని ఆ పండ్రెండు వేలును, ఆ సంవత్సరమును తిరిగి రావు.

అతడేల మోసపోయెను? మూర్ఖుడగుటచేత కాదు. ఆసుపత్రి గోడలపై వ్రాతలు ఒడియాలో నుండును. మందుల కాగితములు ఇంగ్లీషులో నుండును. అతనికి వచ్చినది తెలుగు మాత్రమే. ఆ తెలుగులో అతనితో తీరికగా మాటలాడినవాడు ఆ మోసగాడొక్కడే! ఈ మాట నన్ను చాల బాధించినది. మనము భాషా సంఘము పెట్టుకొన్నది ఉగాదినాడు పచ్చడి పంచుకొనుటకు మాత్రమేనా? ప్రాణముమీదికి వచ్చినప్పుడు మన భాషలో నిజము చెప్పువాడు లేనిచో, అబద్ధము చెప్పువాడు ఆ చోటును ఆక్రమించును.

కావున సంఘమునకు మూడు విన్నపములు చేయుచున్నాను. మొదటిది, హెచ్.ఐ.వి. పరీక్ష ఎక్కడ ఉచితముగా చేయుదురు, మందులెట్లు వాడవలెను అను సంగతులను వైద్యులచేత సరిచూపించి ఒక చిన్న తెలుగు కరపత్రముగా అచ్చువేయింతము. అచ్చుకూలి నేను భరించెదను. 1097 అను ఉచిత టెలిఫోను సంఖ్య దానిపై పెద్ద అక్షరములలో నుండవలెను. రెండవది, ఒడియా బాగుగ తెలిసిన మన యువకులు, యువతులు నలుగురైదుగురు ఆసుపత్రికి తోడువెళ్లుటకు ముందుకు రావలెను. రహస్యము కాపాడుట వారికి మొదటి నియమము. మూడవది, వ్యాధిగ్రస్తుని పనిలోనుండియు, అద్దె ఇంటినుండియు వెళ్లగొట్టరాదని 2017లో చేయబడి 2018 సెప్టెంబరు 10 నుండి అమలులోనున్న చట్టము చెప్పుచున్నది. చట్టము చెప్పినది సరియే. మన పంక్తిభోజనములలో ఆకు వేయుట చట్టము చేయు పని కాదు. మనము చేయవలసినది.

ఎయిడ్సును నయముచేయుదుమని మందులు ప్రకటించుట మన దేశపు మందుల నియమములచేత నిషిద్ధము. ‘టీకా యున్నది’ అని ఎవడైన మీ వాకిట నిలిచినచో, ‘అయ్యా, అది ఏ కణములకు నేర్పును? ఏ పరీక్షలో నెగ్గినది? ఏ సంవత్సరములో?’ అని మూడు ప్రశ్నలడుగుడు. సరకు మచ్చు చూపనివాని యొద్ద నేను బేరము చేయను. మీరును చేయవలదు.

నిజమైన టీకా వచ్చినదినమున వార్త మన భాషలో, మన పత్రికలోనే ముందుగా చదువుదుముగాక. అంతవరకు రక్తములోని కావలివారికి మందులు తోడు. రోగికి మనము తోడు.